జేబులో మూడు ఫీజులు

స్విచ్ వేసినా ఆఫీసులో ప్రోగ్రాం పరీక్షించే బెంచీ మీద ఒక్క లైటూ వెలగలేదు. హేమ మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

సీఐ శశికుమార్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఎదుటివాళ్లు తడబడుతుంటే ఆయన ముఖం కళకళలాడిపోతుంది. పోలీసు ఉద్యోగం కోసమే పుట్టినట్టుంటాడు.

“మా ప్రోగ్రాం మనిషిని చంపదు, నడిపి చూపిస్తా అంటివి కదమ్మా. చూపియ్యి మరి.”

“భరత్ పోయినప్పట్నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోలేదు సార్. అంతకుముందు బాగనే ఉన్నింది,” అంది హేమ. నాలుగు రోజులుగా నిద్ర లేని గొంతు అది.

“ఫీజులు కాలిపోయింటాయి. కొత్తవి తెప్పిస్తాలే,” అన్నాడు శ్రీకాంత్, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

త్రివేణి వంగి, బెంచీ పక్కనున్న రేకు మూత ఎత్తి చూసింది. మూడు ఫీజులు ఉండాల్సిన మూడు గూళ్లూ బోసిగా ఉన్నాయి. కాలిపోవడం కాదు, అసలు లేనేలేవు. మూత మెల్లగా దించి, చేతులు దులుపుకుంది. ఆ సంగతి అప్పుడే పైకి చెప్పాలనిపించలేదు. త్రివేణిది గోరంట్ల. పదేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ పనిలో మనుషుల మీద నమ్మకం సగం పోగొట్టుకుని, మిగిలిన సగంతో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. మొన్న హేమ ఏడుస్తూ వచ్చి కూర్చున్నప్పుడు ఆ మిగిలిన సగం పనికొచ్చింది. ఈ పిల్ల అబద్ధం చెప్పడం లేదని ఆమెకు అనిపించింది, అంతే, కేసు ఒప్పుకుంది.

కేసు చెప్పుకుంటే చిన్నదే. హేమ, భరత్, శ్రీకాంత్ ముగ్గురూ కలిసి ఆరేళ్ల కిందట పెట్టిన కంపెనీ ఇది. పేరు నీరుగంటి. వెనకటికి చెరువు తూము తీసి చేలకు వంతులవారీగా నీళ్లు వదిలిన మనిషిని నీరుగంటి అనేవాళ్లు. వీళ్ల నీరుగంటి మనిషి కాదు, ప్రోగ్రాం. బోరు మోటారు స్టార్టర్ పెట్టెలో అరచేతిలో పట్టే బోర్డు ఒకటి ఉంటుంది. బోరులో నీళ్లు తగ్గితే మోటారు కాలిపోకుండా ఆపేది, కరెంటు సరిగ్గా వస్తేనే నడిపేది ఆ బోర్డులోని ప్రోగ్రామే. వీళ్లు దాన్ని దాచుకోలేదు. ఓపెన్ సోర్స్ అన్నారు. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. పెట్టెలు బిగించి, చెడిపోతే బాగుచేసి, పెద్ద కంపెనీలకు కావలసినట్టు మార్చి ఇచ్చి, దాని మీద బతుకుతారు.

నాలుగు రోజుల కిందట, రాప్తాడు దగ్గర ఆదెన్న చేనులో, మోటారు షెడ్డులో, స్టార్టర్ పెట్టెలో చెయ్యి పెట్టి భరత్ చనిపోయాడు. అదే రోజు పొద్దున హేమ కొత్త ప్రోగ్రాం విడుదల చేసింది. మోటారును ఆపి ఉంచాల్సిన కొత్త ప్రోగ్రాం తప్పుచేసి ఆన్ చేసింది, అందువల్లే ప్రాణం పోయింది అన్నది సీఐ లెక్క. ఈ సాయంత్రానికి హేమను అరెస్టు చేస్తానని ఆయన మొహమాటం లేకుండా చెప్పేశాడు. హేమ జైలుకు పోతే, మనిషిని చంపిన ప్రోగ్రామును ఏ రైతూ చేనులోకి రానివ్వడు. కంపెనీ కథ అంతటితో సరి.

ఫోనొస్తే సీఐ బయటికి వెళ్లాడు. త్రివేణి కుర్చీ లాక్కుని శ్రీకాంత్ ఎదురుగా కూర్చుంది.

“భరత్ పోయిన పొద్దు యాడుండావు శ్రీకాంత్?”

“హిందూపురంలో. డీలర్ దగ్గర. సీఐ గారికి చెప్పినా కదా.”

“రాప్తాడు మీదనే కదా పోయేది?”

“హైవే అట్లే పోతాది మేడమ్. ఆ రోడ్డు నేను వెయ్యలేదు.”

“భరత్ ఆదెన్న చేనికి పోతాండాడని నీకు ముందే తెలుసా?”

“నాకే కాదు, తెలుసుకోవల్లంటే ఎవరైనా తెలుసుకోవచ్చు. ఏ చేనులో పెట్టె నడుస్తాంది, ఏది ఆగింది, మా వెబ్‌సైట్‌లో ఊరంతా చూడొచ్చు. దాచేది ఏమీ ఉండకూడదంట. అదే కదా వీళ్ల గొప్ప.”

“వీళ్ల గొప్ప అంటాండావు. నీది కాదా?”

అప్పుడు ఫోను పక్కన పెట్టాడు శ్రీకాంత్. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ నలగని చొక్కా. ఈ ఎండల్లో చొక్కా నలగకుండా తిరిగే మనిషి అంటే త్రివేణికి ఎందుకో ముందునుంచీ గిట్టదు.

“నేను వ్యాపారం చేసేవాణ్ని మేడమ్. వండిన అన్నం వీధిలో పెట్టి, వడ్డించినందుకు కూలీ ఇమ్మంటే దాన్ని వ్యాపారం అనరు.”

“ఆ కూలీతోనే ఆరేండ్లు బతికినాం శ్రీకాంత్,” అంది హేమ చురుక్కున. “నీ కారు కూడా ఆ కూలీదే.”

శ్రీకాంత్ నవ్వి లేచాడు. “ఇప్పుడు నీతో కొట్లాడేది లేదు హేమా. భరత్ వాళ్ల నాయన దగ్గరికి పోయొస్తా. కొడుకు పోయిన మనిషి, ఇంట్లో ఒక్కడే ఉండాడు.”

పోనీలే, ఆమాత్రం మనిషితనం ఉంది అనుకుంది త్రివేణి. అతని బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయాక హేమ కంప్యూటర్ ఆమె వైపు తిప్పింది.

“అక్కా, ఇది చూడు. కరెంటు అందుతున్నంతసేపూ ప్రతి పెట్టె ఆఫీసుకు మెసేజ్ పంపుతాంటాది. ఆపొద్దు ఆదెన్న పెట్టె పదింటికి ఆగిపోయింది. ఇరవై నిమిషాలకు మళ్లా లేచింది.”

“కరెంటు పోయింటాది. మళ్లా వచ్చింటాది.”

“సీఐ కూడా అదే అంటాడు. కానీ అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద పక్క చేను కుళ్ళాయప్పది ఉండాది. ఆ ఇరవై నిమిషాల్లో ఆ పెట్టె ఒక్క క్షణం కూడా ఆగలేదు.”

త్రివేణి తెర మీది ఆ రెండు వరసలనూ పోల్చి చూసింది. లైనులో కరెంటు ఉంది. పక్క చేనుకు వస్తోంది. ఆదెన్న పెట్టెకు మాత్రం ఇరవై నిమిషాలు అందలేదు. ఎవరో ఆపారు. తర్వాత ఎవరో ఇచ్చారు. ఇద్దరూ ఒకరేనా?

“ఆ షెడ్డు చూడల్ల నేను,” అంది.

షెడ్డుకు సీలు వేసి ఉంది. సీఐ రావాలి, సీలు తీయాలి. ఆయన భోజనం చేసి, పాన్ వేసుకుని, తీరిగ్గా వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. జీపులో హేమను కూడా ఎక్కించుకొచ్చాడు. వెనక సీటులో ఒక మహిళా కానిస్టేబుల్ ఉంది. అంటే అరెస్టు ఇక్కడినుంచే అన్నమాట.

ఆదెన్న ఎండిన వేరుశెనగ కట్టెను తొక్కుకుంటూ ఎదురొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, భుజం మీద తువ్వాలు.

“పోలీసోళ్లు నా షెడ్డుకు తాళమేసి నాలుగు దినాలాయె. చెట్లు ఎండిపోతాండాయి సార్. సచ్చినోడు ఎట్లాగూ సచ్చినాడు. బతికినోళ్లకు నీళ్లు ఒదలండి.”

“ఏమప్పా, నోరు మూసుకోని ఉండు,” అన్నాడు సీఐ.

త్రివేణి లోపలికి వెళ్లింది. నలుగురు నిలబడితే నిండిపోయే గది. గోడకు స్టార్టర్ పెట్టె, దాని తలుపు తీసే ఉంది. లోపల నీరుగంటి బోర్డు. భరత్ ఇక్కడ, గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. కిటికీ లేదు. వెనక గోడ అవతల ఏం జరుగుతున్నా లోపలున్నవాడికి కనబడదు. ఫీజులు ఏవి? ఫీజులు గోడకు ఆవలి వైపున, బయట, చిన్న రేకు డబ్బాలో ఉన్నాయి. కరెంటు తీగలు ముందు అక్కడికి వచ్చి, ఆ మూడు ఫీజులు దాటి, గోడలో కన్నం గుండా లోపలికి వస్తాయి.

“ఆపొద్దు ఎవరు చూసినారు ఫస్టు?”

“మా ఇంటామె రామక్క. అన్నం తెచ్చింది పిల్లోనికి,” అన్నాడు ఆదెన్న. “నేను ఎరువులకు రాప్తాడు పోయినా. అది కేకలు పెడితే కుళ్ళాయప్ప పరిగెత్తుకొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ కాడ కరెంటు ఆపినాడు. ఎవరూ ఏమీ ముట్టుకోలేదమ్మా, భయపడి.”

“సీఐ గారూ, భరత్ జేబులో ఏమేమి దొరికినాయి?”

“మీకెందుకు చెప్పల్ల?”

“ఎట్లాగూ కోర్టులో చెప్తారు కదా. అప్పుడు అందరి ముందర నేనే అడుగుతా. ఇప్పుడైతే ఈడున్నోళ్లకే తెలుస్తాది.”

శశికుమార్ పళ్లు కొరికాడు. ఇలాంటి బేరాలు ఆమె ఇన్సూరెన్సులో ఉన్నప్పటినుంచీ ఆయనకు తెలుసు, రెండుసార్లు కోర్టులో దెబ్బ తిన్నాడు కూడా. “ఫోను. బండి తాళం. రక్తం అంటిన మూడు ఫీజులు. ల్యాబుకు పంపాల్సినవి, జీపులోనే ఉండాయి. చాలా?”

“రక్తమా? పోస్టుమార్టంలో ఒంటి మీద యాడన్నా గాటు ఉండాదా?”

“లేదు.”

“కరెంటు కొట్టి పోయిన మనిషికి గాటు లేకుండా రక్తం యాడ్నుంచి వచ్చింది సార్?”

సీఐ కానిస్టేబుల్‌ను కేకేశాడు. ప్లాస్టిక్ కవరు వచ్చింది. అందులో మూడు తెల్ల పింగాణి ఫీజులు, ఒక్కోదాని నెత్తిన ఎర్రటి మరక. త్రివేణి దాన్ని అందుకునేలోపే ఆదెన్న ముందుకు తోసుకొచ్చాడు.

“ఇవి నావే కదా! ఈడ ఫీజులు ఎత్తుకపోతారని మా రామక్క గోళ్ల రంగు పూసి పెట్టుకున్నా. ఎవడెత్తుకపోయినా గుర్తుపట్టొచ్చని. ఇన్నాళ్లూ రక్తమని మూటగట్టి పెట్టుకుంటిరా సార్?”

మహిళా కానిస్టేబుల్ ముఖం పక్కకు తిప్పుకుంది. సీఐ చెవులు ఎర్రబడ్డాయి. త్రివేణికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె సీఐ వైపు తిరిగింది.

“సార్, మీదీ ఈ సీమే కదా. మోటారు పని చేసేవాడు ముందు ఏం చేస్తాడు?”

“ఫీజులు పీకుతాడు.”

“పీకి?”

శశికుమార్ చెయ్యి తన చొక్కా జేబు మీదికి పోయింది. చెప్పనక్కరలేదు. ఈ నేల మీద బోరు ఉన్న ప్రతి ఇంట్లో పిల్లలకు అది నేర్పుతారు. పీకిన ఫీజులు గట్టు మీద పెట్టకూడదు, ఎవరి చేతికీ ఇవ్వకూడదు. జేబులో వేసుకోవాలి. నీ జేబులో ఉన్నంతసేపూ ఆ తీగల్లో కరెంటు రాదు, నీ ప్రాణం నీ జేబులో ఉన్నట్టే. భరత్ నాయన ఎర్రిస్వామి ముప్పై ఏళ్లుగా మోటారు మెకానిక్కు. అలాంటివాడి కొడుకు ప్రోగ్రామును నమ్మి తీగల మీద చెయ్యి వేస్తాడా? తను రాసిన ప్రోగ్రామే అయినా సరే, వెయ్యడు.

“అందుకే పదింటికి ఈ పెట్టె ఆగిపోయింది,” అంది త్రివేణి. “కరెంటు పోలేదు. భరత్ ఫీజులు పీకి జేబులో ఏసుకున్నాడు. ఫీజులు లేకపోతే బోర్డుకే కరెంటు లేదు. కరెంటు లేని ప్రోగ్రాం, కొత్తదైనా పాతదైనా, ఏం చేస్తాది సార్? ఇరవై నిమిషాలకు పెట్టె మళ్లా ఎట్ల లేచింది?”

ఆమె బయటికొచ్చి షెడ్డు చుట్టూ తిరిగి, వెనక గోడకున్న రేకు డబ్బా సీలు చూపించింది. సీఐ తనే తెంపాడు. డబ్బాలో, తెల్లటి గూళ్లలో, మూడు గోధుమరంగు ఫీజులు బిగించి ఉన్నాయి.

ఆదెన్న తొంగి చూశాడు. “ఇవి నావి కాదు. చూడు, కంపెనీ తీగ ఉండాది దీంట్లో. ఈడ కంపెనీ తీగతో ఎవడు నడుపుతాడమ్మా, మా వోల్టేజీకి దినానికి రెండుసార్లు కాలిపోతాది. మేమంతా రాగి పోగులు మెలేసి కట్టుకుంటాం.”

“అంటే లోపల పిల్లోడు తీగలు పట్టుకోని ఉన్నప్పుడు, ఎవడో ఈడ నిలబడి, వేరే ఫీజులు తెచ్చి పెట్టినాడు,” అంది త్రివేణి. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ. లోపల వాడు జేబు తడుముకుని నిశ్చింతగా పని చేసుకుంటున్నాడు. “ఇది ప్రోగ్రాం తప్పు కాదు సార్. ఇది హత్య.”

సీఐ ఏదో అనబోయాడు. అంతలో వెనకనుంచి హేమ గొంతు వినబడింది.

“ఇవి మా బెంచీవి.”

అందరూ తిరిగి చూశారు. హేమ డబ్బాలోకి చూస్తూ, కళ్లు పెద్దవి చేసుకుని నిలబడింది. “ఆ మధ్యలోది మూల విరిగింది కదా, అది నా చేతిలోనే పడి విరిగింది. ఇవి మా ఆఫీసు బెంచీ ఫీజులే.”

త్రివేణి మనసులో తల బాదుకుంది. ఓరి దేవుడా, దాచడం అన్నది ఈ పిల్లకు పుట్టుకతో రాలేదు. ప్రోగ్రాం దాచుకోరు, ఏ పెట్టె ఎప్పుడు ఆగిందో దాచుకోరు, చివరికి మెడకు చుట్టుకునే సాక్ష్యం కూడా దాచుకోరు.

శశికుమార్ చిరునవ్వు తిరిగి వచ్చింది.

“చానా సంతోషం త్రివేణి గారూ. నేను నిర్లక్ష్యం కేసుతో వస్తే, మీరు హత్య కేసు చేతిలో పెట్టిరి. బెంచీ ఎవరిది? హేమది. ఫీజులు? హేమవి. పెట్టె ఆగిందని ఆఫీసులో కూర్చోని చూసింది ఎవరు? హేమ. అమ్మా హేమా, భరత్‌తో నీకు గొడవ అయినట్టు విన్నాను.”

“అయింది సార్.”

“హేమా, మాట్లాడొద్దు,” అంది త్రివేణి.

“ఉన్నది చెప్పేదానికేమక్కా? బెంగళూరు కంపెనీ ఒకటి మమ్మల్ని కొంటామనింది. ప్రోగ్రాం ఎవరికీ కనపడకుండా మూసెయ్యల్లని షరతు. మొదట నేనూ శ్రీకాంతూ ఒప్పుకుందామన్నాం. భరత్ గట్టిగా కొట్లాడినాడు. తర్వాత వాడు చెప్పిందే నిజమనిపించింది. నేనూ వద్దన్నా.”

“అది నువ్వు చెప్పేది. వినేదానికి భరత్ లేడు కదా,” అన్నాడు సీఐ. “ఎక్కించు జీపు.”

కానిస్టేబుల్ హేమ మోచెయ్యి పట్టుకుంది. త్రివేణి అడ్డం నిలబడింది. ఆమె చెవిలో పొద్దున్నుంచీ ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు అదేమిటో తెలిసింది. ఫీజులు కాలిపోయింటాయి, కొత్తవి తెప్పిస్తాలే. లైటు వెలగకపోతే ఎవరైనా ముందు స్విచ్ చూస్తారు, ప్లగ్గు చూస్తారు. మూత ఎత్తకముందే శ్రీకాంత్‌కు ఫీజులే ఎందుకు గుర్తొచ్చాయి?

“ఒక్క ప్రశ్న సార్. దీనికి జవాబు విని తీసుకుపోండి. హేమా, మీరు ముగ్గురు కదా. ఇద్దరు ఒప్పుకుంటే మూసెయ్యొచ్చా? భరత్ ఒక్కడు వద్దంటే ఏమి?”

“కుదరదక్కా. ఓపెన్ సోర్స్‌లో ఎవరు రాసింది వాళ్లదే. అందరికీ ఇస్తామని మాటిచ్చి రాసింది, దాన్ని మూసెయ్యల్లంటే రాసినోళ్లు ఒప్పుకోవల్ల. నేనూ శ్రీకాంతూ రాసింది కంపెనీకే చెందుతాది. కానీ అసలు గుండెకాయ భరత్ రాసింది, కంపెనీ పెట్టకముందే. అది వాడి సొంతం. వాడు సంతకం చేస్తేనే అమ్మకం.”

“వాడు లేకపోతే?”

“వాడి వారసులు చెయ్యల్ల.” హేమ మాట నెమ్మదించింది. “పెళ్లి కాలేదు. వాళ్లమ్మ లేదు. ఇంక ఉండేది...”

పొద్దున మెట్లు దిగిపోయిన బూట్ల చప్పుడు త్రివేణికి మళ్లీ వినబడింది. కొడుకు పోయిన మనిషి, ఇంట్లో ఒక్కడే ఉండాడు. మనిషితనమట! ఆమె ఫోను తీసింది. స్పీకర్ ఆన్ చేసి సీఐ ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

చాలాసేపు మోగాక ఎత్తాడు ఎర్రిస్వామి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నట్టుంది, ఏదో ఇనుము గీరుకుంటున్న చప్పుడు.

“అన్నా, నేను త్రివేణిని. యాడుండావు?”

“కణేకల్ దగ్గర తల్లీ, కాలవ పక్క చేనులో. శ్రీకాంత్ సారు పిల్చుకొచ్చినాడు. ఆయనకు తెలిసినోళ్ల మోటారంట, నడవడం ల్యాదంట. ఇంట్లో కూర్చుంటే పిల్లోడే కండ్ల ముందర తిరుగుతాండాడు. పనిలో పడితే మేలని వచ్చినా.”

“ఆయన నిన్ను సంతకమేమన్నా అడిగినాడా?”

“దోవలో అడిగినాడు. భరత్ కంపెనీ కాయితమంట. నా కొడుకు ఒద్దన్నదానికి నేను చేసేది లేదంటి. పోనీలే అన్నాడు. మంచోడు, ఏమీ అనుకోలేదు.”

సీఐ ముఖంలో రంగు మారిపోయింది. హేమ చెయ్యి వదిలెయ్యమని కానిస్టేబుల్‌కు సైగ చేసి, జీపు వైపు పరిగెత్తాడు. వైర్‌లెస్‌లో కణేకల్ స్టేషన్‌ను పిలుస్తున్న ఆయన గొంతు ఇక్కడికి వినబడుతోంది. రాప్తాడు నుంచి కణేకల్‌కు ఎంత తోలినా గంటన్నర. స్టేషన్ వాళ్లు వెంటనే బయల్దేరినా ఆ చేను ఏదో కనుక్కోవాలి.

“అన్నా, శ్రీకాంత్ ఇప్పుడు యాడ?”

“ఈడ్నే ఉండె. ఇప్పుడే షెడ్డు ఎనక్కి పోయినాడు.”

“చెయ్యి బయటికి తియ్యన్నా! పెట్టె ముట్టుకోవద్దు! బయటికి వచ్చెయ్!”

అవతల ఎర్రిస్వామి చిన్నగా నవ్వాడు. కొడుకు పోయాక ఆయన నవ్వడం ఇదే మొదటిసారేమో.

“ఎందుకమ్మా అంత భయం? ఫీజులు నేనే పీకినా. నా జేబులోనే ఉండాయి.”